నీళ్ళకు ఇంకో మాట

మొన్న పొద్దున్న మా మనవడు మరచెంబు తలమీదికి ఎత్తిపట్టుకుని చెల్లెల్ని ఏడిపిస్తున్నాడు. "ఇంగ్లీషులో అడుగు, అడిగితేనే ఇస్తాను" అంటాడు. ఆ పిల్లకి ఆరేళ్ళు. ఆవకాయన్నం తిని నోరు మండి గెంతుతోంది. "బాటర్" అంది. "తప్పు" అన్నాడు వాడు. "వాటల్" అంది. "అదీ తప్పే" అన్నాడు. అప్పుడు వాడి మొహంలో ఒక సంతోషం కనబడింది. ఆ సంతోషం ఎలాంటిదో నాకు బాగా తెలుసు. పడక కుర్చీలోంచి లేచి ఎంత కేక వేశానో నాకే తెలియదు. చెంబు వాడి చేతిలోంచి జారి అరుగుమీంచి దొర్లి సొట్టపడింది. పిల్ల దాహం మరిచిపోయి లోపలికి పరుగెత్తింది.

కోడలు వంటింట్లోంచి వచ్చి, "పిల్లలు ఆడుకుంటున్నారండీ మావయ్యగారూ, దానికింత కోపమా?" అంది. జవాబు చెప్పాలంటే ఏభై ఏళ్ళ వెనక్కి వెళ్ళాలి, వెళ్తే నేను మంచివాణ్ణి కానని ఒప్పుకోవాలి. ఈ వయసులో ఒప్పుకుంటే పోయేదేమీ లేదు గనక రాస్తున్నాను.

మా ఊరు కాట్రేనికోనకి అవతల, సముద్రపు పోటు ఏట్లోకి ఎగదన్నే చోట. గోదావరికి ఆనకట్ట కట్టారనీ, కాలవలు తవ్వుతున్నారనీ పెద్దవాళ్ళు అరుగుల మీద చెప్పుకునేవారు గాని మా ఊరికి ఇంకా చుక్క రాలేదు. చైత్రం వెళ్ళేసరికి నూతుల్లో నీళ్ళు ఉప్పెక్కేవి. ఆ నీళ్ళతో పప్పు ఉడకదు, దాహం తీరదు. తాగే నీళ్ళు కోసెడు దూరంలో ఉన్న ఒకే ఒక్క మంచినీళ్ళ నూతి నుంచి కావిళ్ళతో రావాలి. ఆ రోజుల్లో ఇంటికొచ్చిన చుట్టానికి మజ్జిగ ఇచ్చేవాళ్ళు గాని నీళ్ళు అడిగితే ఒకసారి వెనక్కి తిరిగి కుండ వైపు చూసుకునేవాళ్ళు.

మా నాన్న నా చిన్నప్పుడే పోతే నన్ను మేనమామ పెంచాడు. ఆయనే ఊళ్ళో బడిపంతులు. ఇంట్లో మేనమామే గాని బడిలో నేను కూడా పంతులుగారూ అనే పిలవాలి. ఇంటి ముందు అరుగూ, దానికి ఆనించి వేసిన తాటాకు పాకా, అదే బడి. పాకలోకి అడుగుపెడితే మూడు వాసనలు కలిసి వచ్చేవి: తాటాకులకి పూసిన పసరు, పంతులుగారి నస్యం, కుండలో వేసిన వట్టివేళ్ళు. పొద్దుటే బడికి ముందొచ్చిన వాడి అరచేతిలో శ్రీ రాసేవారు, రెండోవాడికి చుక్క, ఆ తరవాత ఎన్నోవాడైతే అన్ని దెబ్బలు. ఇంట్లో ఉండేవాణ్ణి గనక శ్రీ ఎప్పుడూ నాదే. ఆ సంగతి అన్యాయమని నాకెప్పుడూ తోచలేదు.

పంతులుగారు వయసులో ఉండగా కవి కావాలనుకున్నారు. ఎక్కడో ఒక జమీందారుగారి సభకి వెళ్ళి వాన మీద పద్యం చదివారట. నాలుగు పాదాల్లో 'జలం' అన్న మాట రెండుసార్లు పడింది. సభలో ఉన్న పండితుడొకడు, "ఏమయ్యా, మీ ఊళ్ళో ఉన్నది ఒక్క నుయ్యేనా?" అన్నాడట. సభంతా నవ్వింది. నిజానికి మా ఊళ్ళో మంచినీళ్ళ నుయ్యి ఒక్కటే, ఆ మాట చెప్పుకునే దారి లేక ఈయన తల దించుకుని కాలినడకన ఇంటికొచ్చేశారు. శాలువా సంగతి దేవుడెరుగు, భోజనం చేసి వెళ్ళమన్నవాడు కూడా లేడట. ఆ తరవాత ఆయన పద్యం రాయలేదు. ఆ కోపం మాత్రం పోలేదు, అది మామీద తీర్చుకున్నారు.

తీర్చుకున్న తీరు ఇది. పాకలో ఒక మూల ఇసక కుదురు మీద మంచినీళ్ళ కుండ ఉండేది. దాహమైనవాడు లేచి వెళ్ళి నిఘంటువులో నీటికి ఉన్న మాటల్లో ఒకటి చెప్పాలి. చెబితే దోసిట్లో ఒక చిప్పగరిటెడు నీళ్ళు. ఆ రోజుకి ఆ మాట అయిపోయినట్టే, మళ్ళీ ఎవ్వరూ అనడానికి వీల్లేదు. 'నీరం' అనవచ్చు, 'నీరు' అన్నావా తొడపాశం. 'నీళ్ళు' అన్నవాడు కోదండం ఎక్కాలి, అంటే దూలానికి కట్టిన తాడు రెండు చేతులతో పట్టుకుని కాళ్ళు నేలకానకుండా వేలాడాలి.

బడిలో పధ్నాలుగు మందిమి. మాటలు ఇరవైకి పైనే. లెక్క చూస్తే అందరికీ సరిపోతాయి. కాని జలం, ఉదకం, సలిలం, తోయం ఇలాంటివి పొద్దుటే అయిపోయేవి. మధ్యాహ్నం ఎండ ఎక్కాక కుండ దగ్గరికి వెళ్ళేవాడికి కబంధం, కీలాలం, శంబరం లాంటివే మిగిలేవి. అవి నోరు తిరగని మాటలు. చిప్పగరిటె నా చేతిలో ఉండేది. ఎవడే మాట అన్నాడో గుర్తుపెట్టుకోవడం నా పని. నాకు ఒక్క 'సర్వతోముఖం' తప్ప అన్నీ వచ్చు. అదొక్కటి ఎప్పుడూ సమయానికి నాలిక మీదికి వచ్చేది కాదు. అన్నీ వచ్చినవాణ్ణి కష్టమైన మాట చెప్పుకుని తాగి తేలికవి చిన్నవాళ్ళకి వదలొచ్చుగా? వదిలేవాణ్ణి కాదు. పొద్దుటే 'జలం' అని ఒక గరిటె, దాహం లేకపోయినా 'ఉదకం' అని ఇంకో గరిటె. చిన్నవాళ్ళ మొహాలు వాడిపోవడం చూస్తూ తాగితే ఆ నీళ్ళు ఎంతో తియ్యగా ఉండేవి.

ఒక యేడు ఫాల్గుణంలో కొత్త పిల్లవాడొకడు బడిలో చేరాడు. వాడికి తొమ్మిదేళ్ళుంటాయి, నాకు పదకొండు. వాళ్ళ నాన్న పడవ మనిషి. గోదావరి సముద్రంలో కలిసే మొగ దగ్గర వరదలో పడవతో సహా పోయాడు. తల్లి కొబ్బరి డొక్కలు గుంటలో ఊరవేసి, పీచు దంచి, తాళ్ళు పేనేది. ఊరిన పీచు వాసన తెలిసినవాళ్ళకి చెప్పక్కర్లేదు, తెలియనివాళ్ళకి చెప్పినా తెలియదు. తల్లీ కొడుకూ వస్తుంటే ఆ కంపు వాళ్ళకన్నా ముందు వచ్చేది. మేము ముక్కులు మూసుకున్నాం.

ఆమె అరుగు కిందే నిలబడి, చేతిలో ఉన్న కొత్త తాడు చుట్ట మెట్టు మీద పెట్టింది.

"ఆయ్, పంతులుగారండీ, ఈడి నాన్న పాటలు కట్టేవోడండి. తెడ్డేత్తానే కట్టేవోడు. రాసుకోడం రాదు కదండీ, అయ్యన్నీ ఆడితోటే ఏట్లో పోయేయి. ఈడికి నాలుగచ్చరాలొత్తే ఈడు కట్టినయ్యేనా ఉంటాయని ఆశండి."

"పద్యం కట్టాలంటే ముందు మాటలుండాలే. మాటలు నేను పోస్తాను. పట్టడానికి పాత్ర ఉందో లేదో చూద్దాం" అన్నారు పంతులుగారు. తాడు చేత్తో లాగి చూసి, "మంచి తాడే" అన్నారు.

కోదండం తాడు అప్పటికే నలిగిపోయి ఉంది. ఆ సాయంత్రమే కొత్తది దూలానికి కట్టించారు. తల్లి పేనిన ఆ తాటికి మొదట వేలాడినవాడు వాడే. అది ఎవరు పేనిన తాడో తెలియక వేసిన శిక్ష కాదు. మర్నాడు పంతులుగారు వాణ్ణి నిలబెట్టి, "నీటికి పర్యాయపదం చెప్పరా" అన్నారు. వాడు చేతులు కట్టుకుని, "ఏ నీరండీ? పోటు నీరాండీ, పాటు నీరాండీ?" అన్నాడు. మేము నవ్వాం. వాడు మేము మెచ్చుకుంటున్నామనుకుని హుషారుగా, "తేట నీరండి, వరదొత్తే ఎర్రనీరండి, ఇసక కింద ఊట నీరండి, పడవని తిప్పేసేది సుడి నీరండి" అంటూ చెప్పుకుపోయాడు. నీరు అన్న మాట ఎన్నిసార్లు అన్నాడో పంతులుగారు వేళ్ళ మీద లెక్కపెట్టారు. దీనికి తొడపాశం చాలదని, అన్నిసార్లు వంద అంకెలు లెక్కపెట్టేదాకా తాటికి వేలాడదీశారు. దిగాక వాడి అరచేతులు పచ్చిగా ఉన్నాయి. కొత్త తాడు గరుకుగా ఉంటుంది.

మేము అరుగు మీద కూర్చునేవాళ్ళం, వాణ్ణి కింద తాటాకు చాప మీద కూర్చోబెట్టారు. నీళ్ళు అందరికీ పైనుంచే పోసేవాణ్ణి, వాడికి ఇంకో మూరెడు పైనుంచి. సగం చెదిరి నేల మీద పడేవి. వాడు దోసిలి అటూ ఇటూ జరుపుతూ పట్టుకోవడానికి తంటాలు పడేవాడు. అలా పోయమని నాకెవరూ చెప్పలేదు.

వాడు మొద్దు కాదు. ఒకరోజు మధ్యాహ్నం అందరూ అన్నాలకి వెళ్ళినప్పుడు ఒక్కడూ చాప మీద కూర్చుని సన్నగా పాడుకుంటున్నాడు. నేను గోడ చాటు నుంచి విన్నాను.

"ఏరు దాటి పోయేవోడా, నీరు తాగి పోరాదా,
నీరు తాగి పోయేవోడా, పేరు చెప్పి పోరాదా."

నాన్న కట్టిన పాటేనట, వాడికి అదొక్కటే గుర్తుంది. నాకు నిఘంటువంతా నోటికొచ్చు. ఒక్క పద్యపాదం నాకై నాకు వచ్చి ఎరగను. ఈ కంపు కొట్టేవాడి నోట్లోంచి ఆ రెండు ముక్కలూ అంత తేలిగ్గా జారుతుంటే ఓర్చుకోలేకపోయాను. పంతులుగారు భోజనం చేసి రాగానే, "వీడు నీరు అన్నాడండి, రెండుసార్లు" అని చెప్పేశాను. తొడపాశం పడింది. వాడు నావైపు కోపంగా కూడా చూడలేదు. ఎందుకు చెప్పానో అర్థంకాక చూశాడు.

ఆ తరవాత నేను చేసిన తుంటరి పని వల్ల వాడికి కొన్నాళ్ళు మేలు జరిగింది. అది నేను అనుకున్నది కాదు. నిఘంటువులో విషం అన్న మాటకి నీళ్ళని కూడా అర్థముంది. అశుభమని బడిలో ఎవ్వరూ ఆ మాట వాడేవారు కాదు. వాణ్ణి పక్కకి పిలిచి, "ఎవ్వరూ అనని మాట ఒకటి చెబుతా, రేపు దాహమైతే అను" అని నేర్పాను. వాడు మర్నాడు కుండ దగ్గర నిలబడి, "ఇసం అండి" అన్నాడు. పాకంతా గొల్లుమంది. పంతులుగారు బెత్తం ఎత్తి, మళ్ళీ దించి, కాసేపు ఆలోచించి, "ఉంది. నిఘంటువులో ఉంది. పొయ్యరా" అన్నారు. నేను పోయక తప్పలేదు.

అప్పటినుంచి అది వాడి మాటైపోయింది. ఎంత ఆలస్యంగా వెళ్ళినా మిగిలి ఉండేది. పేరు పెట్టి పిలవడం మానేసి అందరం వాణ్ణి ఇసంగాడనేవాళ్ళం. వాడు దానికీ బాధపడలేదు. ఒకరోజు పొద్దుటే ఆకులో చుట్టిన తాటిముంజెలు తెచ్చి నా ముందు పెట్టి, "మీరు సెప్పబట్టే కదండీ బాబుగారూ" అన్నాడు. ముంజెలు తిన్నాను. లేతవి, నీళ్ళు కారుతున్నాయి. తింటున్నా, వాడు ఇలా నిశ్చింతగా ఉండటం నాకు నచ్చలేదు.

వైశాఖం వచ్చింది. పడమటి గాడ్పు మొదలైంది. ఆ రోజు కావిడి మనిషి రాక కుండలో నీళ్ళు సగానికి ఉన్నాయి. మధ్యాహ్నం పంతులుగారు లోపల నడుం వాల్చారు, బడి నాకు అప్పగించారు. వాడు చద్దన్నం మూట విప్పుకుంటుంటే నేను వెళ్ళి కొత్తావకాయ కలిపిన అన్నం ముద్దలు నాలుగు వాడి ఆకులో వేశాను. మా అత్తయ్య పెట్టిన ఆవకాయ, కారం కళ్ళకి తెలిసేది. వాడు కృతజ్ఞతతో తిన్నాడు, ముక్క చీకి టెంక దాచుకున్నాడు. వాడు తింటుండగానే నేను కుండ దగ్గరికి వెళ్ళి, అందరికీ వినబడేలా, "విషం" అని ఒక గరిటెడు తాగాను.

వాడికి అది వినబడిందో లేదో. కాసేపటికి పెదాలు తుడుచుకుంటూ వచ్చి, దోసిలి పట్టి, "ఇసం అండి" అన్నాడు.

"అది అయిపోయింది" అన్నాను.

"అది నాదండి."

"మాటలకి సొంతదారులుంటారట్రా? ఇంకో మాట చెప్పు."

"జలం అండి."

"అయిపోయింది."

"ఉదకం."

"పొద్దుటే అయిపోయింది. ఇంకో మాట."

చుట్టూ చేరిన పిల్లలు కూడా 'ఇంకో మాట, ఇంకో మాట' అంటూ చప్పట్లు కొట్టారు. వాడికి తెలియక కాదు. రోజూ చాప మీద కూర్చుని మేమనేవన్నీ వింటూనే ఉన్నాడు. భయంతో నోరు పెగలలేదు. నాలిక పెదాల మీద రాసుకున్నాడు. "రేపు సెప్తానండి బాబుగారూ. కాసిన్ని పొయ్యండి, సచ్చిపోతున్నానండి" అన్నాడు. నేను గరిటె నిండా ముంచి, పైకెత్తి, ఆ నీళ్ళు మళ్ళీ కుండలోకి నెమ్మదిగా పోశాను, చప్పుడు వాడికి వినబడాలని.

వాడు దోసిలి విప్పేసి పాక వెనక్కి వెళ్ళాడు. అక్కడ కంచె అవతల పీచు ఊరేసిన గుంట ఉంది. నీళ్ళు నల్లగా, నురగ కట్టి ఉంటాయి. మేము కంచె దగ్గరికి పరుగెత్తి చూశాం. బోర్లా పడుకుని మొహం అందులో పెట్టి తాగుతున్నాడు. "ఇసంగాడు ఇసం తాగుతున్నాడు" అని అరిచాం. ఆ అరుపులో నా గొంతే పెద్దది.

మర్నాడు వాడు రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. బడి ఎగ్గొట్టినవాణ్ణి కాళ్ళూ చేతులూ పట్టుకుని ఎత్తుకురావడం మాకు అలవాటు. పంతులుగారు, "వెళ్ళి మోసుకురండర్రా" అంటే నలుగురం బయల్దేరాం. దారి పొడుగునా మామిడికాయ ముక్కలు నములుతూ, వాణ్ణి ఏ భంగిమలో మొయ్యాలో చెప్పుకుంటూ వెళ్ళాం. గుడిసె వాకిట్లో వేపమండలు కనబడ్డాయి. ఊళ్ళో మరిడి జబ్బు, ఇప్పుడు కలరా అంటున్నారే అది, వచ్చిందని అప్పుడు తెలిసింది. మిగిలిన ముగ్గురూ అక్కణ్ణుంచే వెనక్కి పరుగెత్తారు. పరుగెత్తితే పిరికివాడంటారని నేను లోపలికి వెళ్ళాను.

వాడు చాప మీద ఉన్నాడు. రెండు రోజుల్లో మనిషి మొహం అలా మారుతుందని నాకు అంతకుముందు తెలియదు. కళ్ళు లోపలికి పోయాయి, అరచేతుల చర్మం ముడతలు పడింది. పక్కన మూత పెట్టిన ముంత ఉంది. తల్లి వాడి కాళ్ళు రాస్తోంది.

"మంచినీళ్ళ నూతికి రాత్తిరే ఎల్లి తెచ్చేనండి బాబుగారూ" అంది ముంత చూపించి. "వైద్యులుగారు అడక్కుండా పొయ్యద్దన్నారండి. తెలివొచ్చి, దావఁవని నోరారా ఆడే అడిగితే అప్పుడు గరిటెడు పొయ్యమన్నారు. నిన్న పొద్దుగూకినకాణ్ణుంచి నోరిప్పలేదండి. అడుగుతాడేమోనని ఇలా కూకున్నాను."

నా గొంతు వినబడిందో ఏమో, వాడు కళ్ళు తెరిచాడు. నన్ను చూశాడు. చూసి, రెండు చేతులూ దగ్గరికి చేర్చి దోసిలి పట్టబోయాడు. చేతులు నిలబడలేదు. నోరు విప్పాడు.

"శంబరం" అన్నాడు. కాసేపాగి, "కీలాలం. కబంధం. ఘనరసం."

జలం అనలేదు. ఉదకం అనలేదు. అవి అయిపోయాయని వాడి నమ్మకం. నేను నిలబడి ఉన్నాను గనక మిగిలిన మాటలే చెప్పాలి. "మేఘపుష్పం" అన్నాడు. "సర్వతోముఖం" అన్నాడు, ఒక్క అక్షరం తప్పకుండా. ఆఖర్ని "విషం" అన్నాడు. ఆ రోజు వాడి నోట 'ష' సరిగ్గా పలికింది.

తల్లి గాభరాగా ముంత మీద మూత తీసి, నావైపు తిరిగింది. "ఏటంటన్నాడు బాబుగారూ? ఇసమంటాడేటండీ? దావఁవంటన్నాడా?"

అవునంటే చాలు. ఆ ఒక్క ముక్క అంటే ముంత వాడి నోటికి అందేది. కాని అవునంటే, నీళ్ళని నీళ్ళనకుండా నా బిడ్డ ఇలా ఎందుకడుగుతున్నాడని ఆమె అడుగుతుంది. గుంట సంగతి బయటికొస్తుంది. అందరూ నన్ను వేలెత్తి చూపిస్తారు. భయపడ్డాననే ఇన్నాళ్ళూ నాకు నేను చెప్పుకున్నాను. అది సగం నిజం. నాకు ఎప్పుడూ రాని మాట వాడికి వచ్చిందన్న కుళ్ళు కూడా ఆ క్షణాన ఉంది. చావబోతున్న తొమ్మిదేళ్ళ పిల్లవాడి మీద కుళ్ళు.

"కాదండి. పాఠం అప్పజెబుతున్నాడు" అన్నాను.

ఆమె మొహం విప్పారింది. ముంత మీద మూత పెట్టేసి, వాడి నుదురు నిమిరి, "నా తండ్రే, నా తండ్రే. పాటం వచ్చేసిందిరా నీకు" అంది. వాడు ఇంకా నావైపే చూస్తున్నాడు. నేను వచ్చేశాను. సాయంత్రం దీపాలు పెట్టకముందే వాడు పోయాడు.

నీళ్ళు తాగితే బతికేవాడో లేదో నాకు తెలియదు. ఆ జబ్బుకి తాగినవాళ్ళూ పోయారు, తాగనివాళ్ళూ పోయారు. దాహంతో మాత్రం పోయేవాడు కాదు.

బడిలో ఒక్కరోజు సెలవిచ్చారు. దూలానికి ఆమె పేనిన తాడు అలాగే ఉంది, మూడోనాడు దానికి ఇంకొకడు వేలాడాడు.

పెద్దకర్మ అయిన వారానికి ఆమె అరుగు దగ్గరికి వచ్చింది. పంతులుగారితో పని కాదు, నాతోనట. "ఆ పాటం ఓపాలి సెప్పండి బాబుగారూ. ఆడి గొంతులో ఇన్నదే గాని నాకు నిలబళ్ళేదు" అంది. నేను చెప్పాను. అర్థమేమిటని అడిగింది. నోటికొచ్చినట్టు, "దేవుడి పేర్లు" అన్నాను. "ఇసం కూడానాండీ?" అంది. "శివుడు మింగాడు కదా, అందుకని" అన్నాను. అబద్ధానికి నేను మాటలు ఎప్పుడూ తడుముకోలేదు. ఆమె కళ్ళు ఒత్తుకుని, "అయితే నా కొడుకు దేవుణ్ణి తలుసుకుంటా పోయేడన్నమాట" అని చెప్పుకుంటూ వెళ్ళింది.

అలా మూడు నాలుగుసార్లు వచ్చింది. తరవాత అవసరం లేకపోయింది, అన్నీ నోటికి పట్టేసింది. పీచు పేనుతూ, వేళ్ళ మీద పురి తిప్పుతూ, శంబరం, కీలాలం, కబంధం అని వరసగా అనుకునేది. దారంట పోయేవాళ్ళు ఆమెకి భక్తి బాగా పట్టిందనేవారు.

ఏళ్ళు గడిచాయి. పంతులుగారు కాలం చేశారు, బెత్తం నా చేతికొచ్చింది. కాలవ మా ఊరి పొలిమేర దాకా వచ్చింది, తాగే నీటికి కరువు తీరింది. అయినా కుండ నియమం నేను తీసెయ్యలేదు. పిల్లలకి మాటలు రావాలంటే అదే మంచి పద్ధతని వాళ్ళ తండ్రులకి చెప్పేవాణ్ణి. వాళ్ళూ ఔనౌననేవారు. ఇంత జరిగినా నాకు బుద్ధి రాలేదని మీరనుకుంటే ఒప్పుకుంటాను.

ఒక కార్తీకంలో ఊళ్ళోకి ఎవరో పౌరాణికుడు వచ్చి పురాణం చెప్పాడు. నేను ముందు వరసలో, ఆయన పక్కనే కూర్చున్నాను. వాన వర్ణన వచ్చింది. "మేఘాలు విషం కురిశాయంటే గరళమనుకునేరమ్మా. ఇక్కడ విషమంటే నీళ్ళు. కీలాలమన్నా నీళ్ళే, శంబరమన్నా నీళ్ళే, కబంధమన్నా నీళ్ళే" అన్నాడాయన. ఆఖరి వరసలో ఒక మనిషి లేచి నిలబడింది. ఎవరో చూడకముందే నాకు తెలిసిపోయింది. చాలాసేపు నిలబడి వెళ్ళిపోయింది.

మర్నాడు మధ్యాహ్నం బడికి వచ్చింది, చేతిలో చెంబుతో. అప్పటికి జుట్టు పూర్తిగా నెరిసింది. సరిగ్గా అదే వేళకి కుండ దగ్గర ఒక చిన్నవాడు దోసిలి పట్టుకుని నిలబడి ఉన్నాడు. గరిటె పట్టుకున్న పెద్దపిల్లవాడు, "అయిపోయింది. ఇంకో మాట" అంటున్నాడు. ఆమె అరుగు కింద ఆగి, ఆ ఇద్దర్నీ చూసింది. కుండ చూసింది. దూలానికి వేలాడుతున్న తాడు కూడా చూసిందేమో. ఇంక ఆమెకి నేను చెప్పవలసినదేమీ మిగల్లేదు.

"ఆ రోజు ఆడు అడిగింది మిమ్మల్నేనాండీ?" అంది.

"ఆయ్" అన్నాను.

"నా సేతి నీళ్ళు మీరు తాగరని తెలుసండి. తాగొద్దు." చెంబు ముందుకు చాపి పట్టుకుంది. "ఓ మాట సెప్పండి బాబుగారూ. ఆడు సెప్పనిది ఒక్కటి. ఇని పోతాను."

బడి అంతా నావైపు చూస్తోంది. జలం, ఉదకం, సలిలం, తోయం, వాడు అనకుండా వదిలేసిన తేలిక మాటలన్నీ ఉన్నాయి. పాలు తాగే పిల్లవాడు కూడా అనగల మాటలు. నా నోటికి ఒక్కటీ రాలేదు. ఆమె తొందరపెట్టలేదు. పురాణంలో నిలబడినంతసేపూ నిలబడింది.

తరవాత కుండ దగ్గరున్న చిన్నవాణ్ణి, "ఇలా రా బాబూ" అని పిలిచింది. వాడు నన్ను చూశాడు. వద్దనడానికి నాకు నోరు లేదు. వాడు అరుగు చివరికి వచ్చి దోసిలి వంచాడు. ఆమె పోసింది. ఎత్తునుంచి పోయలేదు, చేతులకి ఆనేంత దగ్గరగా, చుక్క కింద పడకుండా పోసింది. వాడు గుటగుటా తాగుతుంటే, "ఇంకా కావాలా?" అని మాత్రం అడిగింది. వాడు తల ఊపాడు. చెంబు ఖాళీ అయ్యాక బోర్లించి తుడుచుకుని వెళ్ళిపోయింది.

ఆ పిల్లవాడు ఆమె చేతి నీళ్ళు తాగాడని ఊళ్ళో పెద్ద గొడవైంది. తండ్రి వాడికి ప్రాయశ్చిత్తం చేయించాడు, నా బడి మాన్పించాడు. ఆ సాయంత్రమే నేను కుండ పగలగొట్టాను, తాడు విప్పి ఏట్లో పారేశాను. అది గొప్పగా చెప్పుకునే సంగతి కాదు, పుష్కరం ఆలస్యమైంది.

ఆమె ఆ తరవాత చాలా ఏళ్ళు బతికింది. పీచు పేనేటప్పుడు ఆ మాటలు అనడం మానలేదు. అదే వరస, అదే గొంతు. అంతకుముందు దేవుడి పేర్లనుకుని అనేది. ఆ తరవాత తెలిసే అనేది. వాళ్ళ గుడిసె మీదుగా పోయే దారి నేను మానేశాను. చుట్టు తిరిగి కాలవ గట్టంట వెళ్ళేవాణ్ణి.

సొట్టపడ్డ మరచెంబుతోనే మా మనవరాలు ఇప్పుడూ నీళ్ళు తాగుతోంది. మనవడు దాని జోలికి పోవడం లేదు. కాని ఆ పిల్ల తాగుతుండగా నేను గాని అటు వెళ్ళానంటే ఠక్కున ఆపేసి, చెంబు గుండెలకి హత్తుకుని, నేనేమీ అడక్కముందే, "నీళ్ళు తాతయ్యా, నీళ్ళు" అంటుంది.